తీగకు పట్టిన జీర

ఒక మనిషి పనికిరాకుండా పోయాడని తేల్చడానికి ఆత్మకూరులో పెద్ద తతంగమేమీ అక్కర్లేదు. టీ బంకు దగ్గర ఇద్దరు నిలబడి "పాపం" అనుకుంటే చాలు. సుభాన్ విషయంలో ఆ మాట ముందుగా అన్నవాడు కీబోర్డు వాయించే కామయ్య. తర్వాత ఆర్కెస్ట్రా యజమాని వెంకటేష్. ఆ తర్వాత సుభానే. ముగ్గురిలోకీ గట్టిగా నమ్మినవాడు కూడా సుభానే.

సుభాన్‌ది ఉదయగిరి. మామూలు రోజుల్లో ఇంట్లో కూచుని చెక్క చెంచాలు, గరిటెలు చెక్కుతాడు. ముహూర్తాలు ఉన్నప్పుడు బస్సెక్కి ఆత్మకూరు పోయి వెంకటేష్ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. చెంచాల పని అతని భార్య అమీరున్నీసా పుట్టింటి విద్య. పెళ్ళయ్యాక ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. గిటారు మాత్రం ఎవరూ నేర్పింది కాదు. కుర్రతనంలో ఎక్కడో సెకండ్ హ్యాండుది సంపాదించి, వేళ్ళు చిట్లేదాకా తంటాలు పడి, సొంతంగా పట్టుకున్న విద్య అది. మర్రిపాడు నుంచి కలువాయి దాకా ఎక్కడ పెళ్ళయినా "గిటారు సాయిబు వస్తాడా?" అని అడిగి మరీ ఆర్కెస్ట్రా మాట్లాడుకునేవాళ్ళు. చెంచాలు అన్నం పెట్టేవి, నిజమే. కానీ నలుగురిలో తలెత్తుకుని తిరిగేలా చేసింది గిటారు. చెంచాలు చెక్కేవాళ్ళు వాళ్ళ వీధిలో ఇంటికి ఇద్దరున్నారు. గిటారు వాయించేవాడు ఒక్కడే. ఆ ఒక్కడు కావడంలో ఉన్న రుచి సుభాన్‌కు బాగా తెలుసు.

అలాంటి గిటారుకు నిరుడు ఎండాకాలంలో జీర పట్టింది.

కలువాయిలో ఒక రిసెప్షన్. పాట మధ్యలో గాయని రజిత మైకు దించి పక్కకు జరిగింది. అక్కడ గిటారు ఒక్కటే వినిపించాలి. సుభాన్ తీగ మీటాడు. స్వరం వచ్చింది, దాని వెనకాలే ఇంకోటి కూడా వచ్చింది. రేకు డబ్బాలో ఈగ ఇరుక్కున్నట్టు జుయ్‌మని ఒకటే రొద. తీగ మార్చి మీటితే అక్కడా అదే. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్ల మీద వేలు గట్టిగా నొక్కాడు, ఇంకా గట్టిగా నొక్కాడు. రొద తగ్గలేదు. రజిత తిరిగి చూసింది. ఆ చూపులో చెడ్డతనం ఏమీ లేదు, కానీ సుభాన్‌కు ఒళ్ళంతా మంట పుట్టింది.

ఇంటికొచ్చి తీగలన్నీ మార్చాడు. గిటారు మెడను కంటికి ఆనించి వంపు చూశాడు. ఫ్రెట్లు తుడిచాడు, వైరు మార్చాడు. జీర పోలేదు. నెల్లూరు పోయి బాగుచేసేవాళ్ళకు చూపిస్తే ఒక పూటలో తేలిపోయేది. పోలేదు. పోకపోవడానికి కారణం బద్ధకం కాదు, భయం. "దీనికేం లేదు, నీ చేతికే ఏదో అయినాది" అని వాళ్ళ నోట వినాల్సి వస్తుందేమోనని భయం. ఆ మాట వినకూడదని ఇంట్లోనే ఉండి, ఆ మాటే తనకు తాను రోజూ చెప్పుకున్నాడు. మనుషులు ఎంత తెలివిగా తమ గొయ్యి తవ్వుకుంటారో చూడండి.

అతని అనుమానానికి ఒక ఆధారం కూడా దొరికింది. గిటారు పొట్ట మీద తీగలన్నీ ఆనుకునే ఇనుప పీట ఒకటుంటుంది, దాన్ని బ్రిడ్జి అంటారు. అందులో ఒక్కో తీగ కిందా ఒక్కో చిన్న ఇనుప ముక్క, ఆ ముక్కను పైకీ కిందికీ జరపడానికి సన్నటి స్క్రూలు. తీగల మోత అదుపులో పెట్టడానికి వాయించేవాడు కుడి అరచెయ్యి ఆ పీట మీదే ఆనిస్తాడు. పైకి పొడుచుకొచ్చిన ఆ స్క్రూలు అతని అరచేతిని ఎన్నో ఏళ్ళుగా గీరుతూనే ఉన్నాయి. ఇప్పుడు చూస్తే నొప్పే తెలియడం లేదు. ఎంతసేపు ఆనించినా గుచ్చుకోవడం లేదు. చెయ్యి మొద్దుబారిందనే కదా అర్థం! చెక్కలు చెక్కీ చెక్కీ, చిన్న గొడ్డలి లాంటి బాడిశ పట్టీ పట్టీ అరచెయ్యి కాయ కాసింది, స్పర్శ చచ్చింది, వేళ్ళు మొరటుబడ్డాయి. ఇంక స్వరం ఎలా పలుకుతుంది? ఇలా ఒకదానికొకటి ముడిపెట్టుకుని, చక్కగా, తిరుగులేకుండా తేల్చుకున్నాడు.

తేల్చుకున్నాక ఆ కోపం ఎవరి మీదకు పోవాలో అటే పోయింది.

"నీ చెంచాలే తిన్నాయి నా చేతిని" అన్నాడు అమీరున్నీసాతో. "మీ నాయన పనికి నన్ను కూడా కట్టేసినావు. ఇప్పుడు చూడు."

అమీరున్నీసా ఎడమచేతి వాటం మనిషి. ఆ ఎడమ చేతిలోని గరిటెను కింద పెట్టి, లేచి వెళ్ళి బాడిశ తెచ్చుకుని తన పక్కన పెట్టుకుంది. ఆ రోజు నుంచి కర్ర చీల్చడం, బాడిశతో మొరటుపని చేయడం, అన్నీ ఆమే. అతనికి సన్నపని కూడా ఇవ్వలేదు. "చేతికి రెస్టు ఇయ్యి, అదే సర్దుకుంటాది" అంది. బాడిశ దెబ్బకు సాయంత్రానికి ఆమె భుజం లేచేది కాదు. అతను రెస్టు తీసుకున్నాడు. చెయ్యి ఎంత రెస్టు తీసుకున్నా జీర మాత్రం ఇసుమంత తగ్గలేదు.

శ్రావణం ముహూర్తాలు మొదలుకాకముందే వెంకటేష్ పిలిపించాడు. చెడ్డవాడేం కాదు. టీ తెప్పించి, టీ అయ్యేదాకా వానల గురించి మాట్లాడి, గ్లాసు కింద పెట్టాక చెప్పాడు.

"ఏమనుకోబాక సుభానూ. పెళ్ళి పార్టీలోళ్ళు అడగతా ఉండారు, ఆ రొద ఏందని. వయసు మీద పడతాది, ఎవరికైనా అంతే. నీ చెయ్యి ముందు మాదిరి లేదు."

"నాకూ తెలస్తా ఉండాది అన్నా" అన్నాడు సుభాన్.

ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్తాడేమోనని వెంకటేష్ ఇంకా రెండు ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాడు, అవి అక్కరకు రాలేదు. అతని స్థానంలోకి వచ్చిన కుర్రాడు చైతన్య, ఆత్మకూరులోనే సెల్‌ఫోన్ షాపు వాళ్ళబ్బాయి. వాడి దగ్గర మంచి గిటారు లేదని తెలిసి, తనది ఇచ్చేశాడు సుభాన్. ఏదో ఇంత చేతిలో పెట్టారు, అదెంతో కూడా చూసుకోలేదు. వస్తువు ఇంట్లో ఉంటే చెయ్యి అటే పోతుందని భయపడ్డాడు. ఖాళీ చేతులతో ఉదయగిరి బస్సెక్కాడు, మర్నాడు పొద్దున్నే బాడిశ అందుకున్నాడు. చెయ్యి ఎటూ పోయింది, ఇంక దాచుకోవడం ఎవరికోసం?

ఆ తర్వాత నెలల్లో అతను చేసిన పనంతా కసిగానే చేశాడు. గిటారు మాట ఎత్తితే లేచి వీధిలోకి పోయేవాడు. ఇంట్లో ఫోనులో పాట మోగినా ఆపేయమనేవాడు. అమీరున్నీసా ఒకటి రెండుసార్లు "నీ చేతికి ఏం లేదు, నాకు తెలస్తాది" అంది. "నీకేం తెలుసు పాట గురించి!" అని అరిచాడు.

ఈ ఎండాకాలం ఆత్మకూరులో ఒక పెళ్ళివాళ్ళు వచ్చినవాళ్ళకు పంచడానికి చెక్క చెంచాల సెట్లు కావాలన్నారు. అట్టపెట్టెలు బస్సు మీద వేసుకుని సుభానే తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం కల్యాణ మండపం గేటు దగ్గర ఆటో దిగి, పెట్టెలు దించుతుంటే లోపలి నుంచి గిటారు వినిపించింది.

సుభాన్ చేతిలో పెట్టె చేతిలోనే ఉండిపోయింది. అది తన గిటారు. కన్నబిడ్డ గొంతును గుర్తుపట్టడానికి మనిషికి ఎంతసేపు కావాలి! అదే గొంతు, కానీ జీర లేదు. ఒక్కో స్వరం కడిగిన గాజులా, స్పష్టంగా, చివరిదాకా నిలబడి మోగుతోంది. ఎంత మంచి గొంతు దానిదని, తానే దాని గొంతు పట్టుకుని ఇన్నాళ్ళూ నులిమినట్టుందని అనిపించి సుభాన్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుళ్ళు పుట్టింది కూడా. రెండూ ఒకేసారి.

లోపల స్టేజీ మీద సౌండ్ చెక్ నడుస్తోంది. చైతన్య అతన్ని చూసి గిటారు మెళ్ళో ఉండగానే కిందికి దూకాడు.

"సుభానన్నా! నేనే ఉదయగిరి వద్దామనుకుంటా ఉండా. నీకొకటి చూపియ్యాల."

గిటారు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని ఇనుప ముక్కలు సుభాన్ అరచేతిలో పోశాడు. పాత బ్రిడ్జిలోని ముక్కలు.

"జీర నాకు కూడా వస్తా ఉండింది అన్నా. మొదుట్లో నేనూ నా చెయ్యేమో అనుకున్నా. నెల్లూరు తీసుకపోయి చూపిస్తే, బ్రిడ్జిలో ఉండాది తేడా అన్నారు. ఇదిగో, తీగ ఈ అంచు మీద ఒక్కచోట ఆని వదిలెయ్యాల. ఇక్కడ అంచే లేదు, చూడు. ఏటవాలుగా అరగ రాకేసుండారు. తీగ దీని మీద పడుకోని రాసుకుంటా ఉండాది. స్క్రూల తలకాయలు కూడా రాకేసినారు, పైకి లేపుదామన్నా తిరగవు. బ్రిడ్జి మారిస్తే అయిపోయినాది. నీ చేతిలో ఏం లేదన్నా. ఎవడో తింగరోడు దీన్ని ఆకురాయితో రాకినాడు."

సుభాన్ ఆ ముక్కల్లో ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. రాకిన గీతలు సన్నగా, వరసగా, ఓపిగ్గా ఉన్నాయి. కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి. కుడిచేత్తో రాకితే గీత అలా పడదు. ఉప్పు కాగితం పట్టకముందు, ఇంట్లో ఆమె ఆకురాయి పట్టిన ప్రతి చెంచా మీదా అవే గీతలు ఉంటాయి.

వెంటనే అన్నీ గుర్తొచ్చాయి. జీర రావడానికి కొద్దిరోజుల ముందు, మర్రిపాడులో పెళ్ళికి వాయించి వచ్చిన పొద్దున అరచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారింది. అమీరున్నీసా పసుపు అద్దుతూ "ఏం గీసుకున్నాది?" అని అడిగితే బ్రిడ్జి చూపించి పడుకున్నాడు. ఆమె పుట్టి పెరిగిన పనిలో ఒకటే నియమం: మనిషి చేతికి, నోటికి తగిలే వస్తువు గీరకూడదు. చెంచా పూర్తయ్యాక చెంపకు రాసి చూసుకుంటారు. గీరితే మళ్ళీ ఆకురాయి. అతను నిద్రపోతుండగా, రంపం పళ్ళు నూరే సన్న ఆకురాయి తీసుకుని, ఆ ఇనుప ముక్కల్ని కూడా ఆమె చెంచాల మాదిరే నున్నగా చేసింది. చెంపకు కూడా రాసి చూసే ఉంటుంది. అరచేతికి నొప్పి తెలియకపోయింది చెయ్యి మొద్దుబారి కాదు. గుచ్చుకునేది ఏదీ అక్కడ లేక.

"ఎవడో కాదు" అన్నాడు సుభాన్. ముక్కల్ని జేబులో వేసుకున్నాడు.

చైతన్య గిటారు తీసి అతని మెడలో వేశాడు. "ఒక్కసారి వాయించన్నా. విందాం."

సుభాన్ గిటారు పట్టీ సర్దుకున్నాడు. ఇన్ని నెలలూ లోపల రగిలిన కడుపుమంట అంతా ఇప్పుడు వేళ్ళలోంచి పోతుందనుకున్నాడు. వెంకటేష్ కూడా అక్కడే ఉన్నాడు, కామయ్య ఉన్నాడు. విననీ, అందరూ విననీ అనుకున్నాడు. కలువాయిలో పాడైన ఆ పాట ముక్కే ఎత్తుకున్నాడు.

మొదటి రెండు స్వరాలు పలికాయి. మూడోదానికి వేలు అందలేదు. అందినది పక్క ఫ్రెట్ మీద పడింది. వేళ్ళ కొనల్లో వెనకటి గట్టిదనం లేదు, తీగ కోసుకుంది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే తప్పాడు. ఇప్పుడు గిటారుకు జీర లేదు కదా, ప్రతి తప్పూ మండపం చివరిదాకా స్పష్టంగా వినిపించింది. కుర్చీలు వేస్తున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

వెంకటేష్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే సుభానూ. నేను అప్పుడే చెప్పినా గదా."

అప్పుడు చెప్పింది అబద్ధమనీ, ఇప్పుడది నిజమైందనీ, నిజం కావడానికి తానే ఇన్నాళ్ళూ పనిగట్టుకుని సాయం చేశాడనీ వెంకటేష్‌కు ఎలా విప్పి చెప్పాలి? సుభాన్ గిటారు తీసి ఇచ్చేశాడు.

చైతన్య గేటు దాకా వచ్చాడు. "టచ్ పోయినాది అంతే అన్నా. నాలుగు రోజులు కూచుంటే వచ్చేస్తాది. శుక్రవారం మీ ఉదయగిరిలోనే రిసెప్షన్ ఉండాది. ముందే గిటారు నీకు పంపిస్తా, ఇంట్లో ప్రాక్టీసు చేసుకో. రెండు పాటలు నువ్వు వాయించు, నేను నా పాత గిటారుతో రిథమ్ పట్టుకుంటా. వెంకటేషన్నకు నేను చెప్తా. రేపు ఫోన్ చేస్తా, సరేనా?"

సుభాన్ తలూపాడు. బస్సులో కిటికీ పక్కన కూచుని దారిపొడుగునా ఒక్క మాటే మనసులో తిప్పుకున్నాడు. అమీరున్నీసాతో ఏమనాలి? చెప్పకుండా దిగమింగితే పెద్దమనిషి అనిపించుకోవచ్చు. అంత పెద్దమనిషి కాదు సుభాన్. ఇల్లు చేరేసరికి మాట నోట్లో కాగి ఉంది.

అమీరున్నీసా వాకిట్లో చెంచాలకు ఉప్పు కాగితం పడుతోంది. అతను ఇనుప ముక్కలు ఆమె ముందు చాప మీద పోశాడు.

"ఇవి నువ్వు రాకినావా?"

ఆమె ఒకటి తీసి బొటనవేలితో తడిమింది. ముఖం విచ్చుకుంది. అది చూసి సుభాన్‌కు ఇంకా ఒళ్ళు మండింది.

"ఇప్పటికి కనపడినాయా నీకు! నీ చెయ్యి తెగిన రోజు రాకినా. నువ్వే చూసుకుంటావులే అని ఊరుకున్నా. చూసుకున్నదే లేదు."

చెప్పేశాడు. అంచు పోయిందనీ, తీగ రాసుకుందనీ, ఆ జీర వల్లే తన పని పోయిందనీ, చైతన్య నెల్లూరులో దాన్ని మార్పించి శుక్రవారం తనను వాయించమన్నాడనీ. మెల్లగా మొదలుపెట్టి అరుపుల్లో దిగాడు. పక్కింటి ఓబమ్మ గోడ మీదుగా తొంగి చూసి లోపలికి పోయింది. అమీరున్నీసా ముఖం ముందు తెల్లబోయింది. చేతిలోని ముక్క కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. కోపం హద్దు దాటితే మాత్రం ఆమెకు తెలుగే నోటికి వస్తుంది.

"తప్పు నాదే. ఇనుము సంగతి నాకు తెలవదు, నీ చెయ్యి తెగతా ఉంటే చూడలేక రాకినా. ఒప్పుకుంటా" అంది తెలుగులో. "ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్నే గదా. అడిగినావా? ఆ పిల్లోడికి జీర వస్తే గిటారు తీసుకోని నెల్లూరు పోయినాడు. నీకు జీర వస్తే నీ చెయ్యి చచ్చిందన్నావు. మా నాయన పని తిన్నాదన్నావు. నేను పాడుచేసిన ముక్క వాడు ఒక పూటలో మార్చుకున్నాడు. నీ చేతిని పాడుచేసింది ఎవురు?"

సుభాన్ చాప మీది ఇనుప ముక్కలు ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి, మళ్ళీ ఉర్దూలోకి వచ్చి అంది, శుక్రవారానికి ఇంకా రోజులున్నాయి కదా, ఆ అబ్బాయి ఇస్తానన్నాడు కదా, తెచ్చుకో, పని నేను చూసుకుంటాను, చెయ్యి వస్తుంది.

వస్తుందని అతనికీ తెలుసు. అసలు బాధ అదే. కూచుంటే వస్తుంది, తప్పకుండా వస్తుంది. వస్తే, ఇన్ని నెలలూ అది ఎక్కడికీ పోలేదని ఊరంతటి ముందూ ఒప్పుకోవాలి. ఆమె మీద అరిచిన ప్రతి అరుపూ ఉత్తదేనని ఒప్పుకోవాలి. పోయిన చెయ్యి అయితే అందరూ జాలిపడతారు. పారేసుకున్న చేతికి ఎవరు జాలిపడతారు?

మర్నాడు పొద్దున ఇద్దరూ పని ముందు కూచుని ఉండగా చైతన్య ఫోన్ చేశాడు. స్పీకరులో వాడి గొంతు హుషారుగా ఉంది. "అన్నా, వెంకటేషన్న సరే అన్నాడు. గిటారు సాయంత్రం బస్సుకు పంపించేదా?"

అమీరున్నీసా చేతిలో ఆకురాయి ఆగింది. అతని ముఖంలోకి చూస్తోంది.

"వద్దు అబ్బయ్యా" అన్నాడు సుభాన్. "నా చెయ్యి పోయినాది."